రోడ్డు మీది తిండి ఎవరి పద్దు?

అమెరికాలో దూరప్రయాణాల ట్రక్కు నడిపే డ్రైవరు పేస్లిప్పులో తరచూ రెండు వరసలు కనిపిస్తాయి. ఒకటి జీతం, మైలుకు ఇన్ని సెంట్ల చొప్పున. రెండోది పర్ డియమ్, అదీ మైలుకు ఇన్ని సెంట్ల చొప్పునే. మొదటి వరసలో ఆదాయపు పన్ను, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోతలు పడతాయి. రెండో వరస జోలికి ఏ కోతా రాదు. మన లారీ డ్రైవర్లకు ఓనరు చేతిలో పెట్టే బత్తా లాంటిదే కదా అనిపిస్తుంది. ఉద్దేశం వరకూ అంతే, ఇంటికి దూరంగా ఉన్న రోజుల్లో తిండికీ చిల్లర ఖర్చులకూ ఇచ్చే డబ్బు. కానీ తిండి ఖర్చు మైళ్ళను బట్టి ఎందుకు మారాలి? లోడు దొరక్క ట్రక్‌స్టాప్‌లో రెండు రోజులు పడి ఉన్నవాడికి ఆకలేమీ తగ్గదు. ఆ రెండు రోజులకూ మైళ్ళ లెక్కన వచ్చే పర్ డియమ్ మాత్రం సున్నా. ఈ వింత వెనక నూరేళ్ళ పన్ను చరిత్ర ఉంది. దాన్ని వరసగా చూస్తే నాకు అర్థమైనది ఇది: రోడ్డు మీద తిన్నదానికి లెక్క చెప్పుకునే హక్కు మొదట తిన్నవాడిది, అది కొంచెం కొంచెంగా కంపెనీ చేతికి పోయింది. పర్ డియమ్ డ్రైవరుకు లాభమా నష్టమా అన్నది తేలాలంటే పన్ను శాతాల కన్నా ముందు ఈ చేతులు మారిన కథ చూడాలి.

అమెరికాలో నేటి ఆదాయపు పన్ను 1913లో మొదలైంది. పని మీద ఊళ్ళు తిరిగేవాడి భోజనం వ్యాపార ఖర్చా, సొంత ఖర్చా అన్న తగువు కూడా దాని వెంటే వచ్చింది. ఇంట్లో ఉన్నా తినేవాడే కదా, దానికి మినహాయింపు ఎందుకు అనే వాదనలో పస లేకపోలేదు. 1920లో ఖజానా శాఖ మధ్యేమార్గం పట్టింది. ఇంటి దగ్గర మామూలుగా అయ్యే ఖర్చు కన్నా బయట ఎంత ఎక్కువైందో ఆ తేడా వరకు ఆదాయంలోంచి తీసేసుకోవచ్చంది. వినడానికి న్యాయంగానే ఉంది, అమలులో మాత్రం తలనొప్పి. ఇంటిల్లిపాదీ తినే కుండలో ఒక్కడి వాటా ఎంతని ఎవరు తేలుస్తారు? 1921 రెవెన్యూ చట్టంలో కాంగ్రెస్ ఈ చిక్కును తెంచేసింది. పని మీద ఇంటికి దూరంగా ఉన్నప్పుడు భోజనానికీ బసకూ పెట్టిన మొత్తం ఖర్చును తీసేసుకోవచ్చని రాసేసింది. ఆనాడు దీనివల్ల ముఖ్యంగా బాగుపడ్డది ఊరూరా తిరిగే సేల్స్‌మన్లు. ట్రక్కుల కాలం ఇంకా రాలేదు. అయినా సూత్రం అప్పుడే పడింది. ఖర్చు ఎవరు పెట్టారో మినహాయింపు వాళ్ళది, మధ్యలో యజమాని దయతో పని లేదు.

హక్కు ఉంది సరే, రుజువు మాటేమిటి? బ్రాడ్‌వే నాటకరంగంలో ఒక వెలుగు వెలిగిన జార్జ్ ఎం. కోహన్ నటులకూ నాటక విమర్శకులకూ విందులిచ్చి, ప్రయాణాలు చేసి, లెక్కలేవీ రాసుకోకుండానే పెద్ద పెద్ద మొత్తాలు ఖర్చు కింద చూపాడు. పన్నుల వాళ్ళు పైసా ఒప్పుకోలేదు. 1930లో అప్పీలు కోర్టు జడ్జి లెర్నెడ్ హ్యాండ్ వేరే దారి చూపాడు. ఖర్చు పెట్టిన మాట నిజమైతే కాయితం లేదన్న సాకుతో మొత్తం కొట్టేయడం తగదు, అంచనా కట్టాలి, కాకపోతే లెక్క రాసుకోని తప్పు ఎవరిదో వాళ్ళ మీదే బరువు మోపుతూ కట్టాలి. ముప్పై ఏళ్ళపాటు ఈ కోహన్ సూత్రం రోడ్డు మీద బతికేవాళ్ళకు పెద్ద వెసులుబాటు. 1961లో అధ్యక్షుడు కెనడీ ఎక్స్‌పెన్స్ అకౌంట్ల విలాసాల మీద ధ్వజమెత్తాడు, 1962 చట్టం ప్రయాణ ఖర్చుల విషయంలో ఆ వెసులుబాటును మూసేసింది. ఎంత, ఎప్పుడు, ఎక్కడ, ఏ పని మీద అన్నవాటన్నిటికీ ఆధారం చూపాల్సిందే అంది. గురి పెట్టింది విలాస నౌకల మీద, నైట్‌క్లబ్బుల మీద. దెబ్బ మాత్రం హైవే పక్క హోటల్లో గుడ్లట్టు తిని బిల్లు పారేసిన వాడికి కూడా తగిలింది. రోజుకు ఇంత అని ప్రభుత్వమే ఒక రేటు కట్టి, బయట గడిపిన తేదీలూ ఊళ్ళూ చూపితే చాలు, తిండి బిల్లులు అక్కర్లేదనే పద్ధతి ఈ ఇబ్బందికి విరుగుడుగా స్థిరపడింది. ఇక ఇంటికి దూరం అంటే ఎంత దూరం అన్నదాన్ని 1967లో సుప్రీంకోర్టు తేల్చింది. టెనెసీలో టోకు కిరాణా సరుకు అమ్మే కరెల్ అనే సేల్స్‌మన్ తెల్లవారుజామునే బయల్దేరి, పొద్దుటి ఫలహారం, మధ్యాహ్న భోజనం దారిలో కానిచ్చి, రాత్రి భోజనం వేళకు ఇల్లు చేరేవాడు. ఆ రెండు పూటల ఖర్చూ చెల్లదంది కోర్టు, నిద్రో విశ్రాంతో అవసరమైనంత ప్రయాణం అయితేనే మినహాయింపు అంది. చట్టం దూరం గురించి మాట్లాడుతోంది గాని కాలం గురించి కాదని జస్టిస్ డగ్లస్ విభేదించాడు. ఆ వాదన నెగ్గలేదు. అందుకే ఈ రోజుకీ ఊళ్ళోనే సరుకు దించి సాయంత్రానికి ఇల్లు చేరే ట్రక్కు డ్రైవరుకు పర్ డియమ్ లేదు. కేబిన్ వెనక స్లీపర్ బెర్తులో పడుకునే వాడికి ఉంది, పడక ట్రక్కులోనే గనక బసకు కాకుండా తిండికీ చిల్లరకూ మాత్రమే.

ఇప్పుడు ట్రక్కుల సంగతి. 1935 మోటార్ క్యారియర్ చట్టం సరుకు రవాణా ధరల్నీ కొత్త కంపెనీల ప్రవేశాన్నీ ఇంటర్‌స్టేట్ కామర్స్ కమిషన్ చేతిలో పెట్టింది. డ్రైవింగ్ గంటల మీద నిబంధనలు ఆ దశాబ్దం చివర్లో వచ్చాయి. గంటల్ని ఒక సంస్థ చూసుకుంటోంది కదా అని, ఓవర్‌టైమ్‌కు ఒకటిన్నర రెట్లు ఇవ్వాలన్న 1938 కార్మిక చట్టం రాష్ట్రాల మధ్య తిరిగే డ్రైవర్లను పక్కన పెట్టింది. ఈ మినహాయింపును గుర్తుంచుకోవాలి, మళ్ళీ పని పడుతుంది. మైలుకు ఇంత అనే కూలి అప్పట్లో ట్రక్కు డ్రైవర్ల సంఘమైన టీమ్‌స్టర్ల యూనియన్ ఒప్పందాల నీడలో బాగానే గిట్టేది. 1964లో ఆ యూనియన్ అధ్యక్షుడు జిమ్మీ హోఫా దేశం మొత్తానికీ ఒకే సరుకు రవాణా ఒప్పందం కుదిర్చాడు. 1980లో అధ్యక్షుడు కార్టర్ సంతకంతో ధరల మీదా ప్రవేశం మీదా కట్టడి సడలింది. యూనియన్ లేని కంపెనీలు పుట్టుకొచ్చాయి, రేట్లు పడ్డాయి, వాటి వెంట నిజ వేతనాలూ పడ్డాయి. మైకేల్ బెల్జర్ 2000లో రాసిన 'స్వెట్‌షాప్స్ ఆన్ వీల్స్' ఈ పతనం గురించే. కూలి పెంచలేని, లేదా పెంచడం ఇష్టం లేని కంపెనీకి, పైసా ఎక్కువ పెట్టకుండా డ్రైవరు చేతికందే మొత్తాన్ని పెంచే ఉపాయం ఏదైనా ఉంటే బాగుండు అనిపించే రోజులు అవి.

ఆ ఉపాయాన్ని పన్ను చట్టాలే అందించాయి. 1986 సంస్కరణ రెండు పనులు చేసింది. ఒకటి, భోజన ఖర్చులో 80 శాతమే లెక్కలోకి వస్తుందంది. ఇంట్లో ఉన్నా తినేవాడే కదా అన్న 1920 నాటి వాదన వేరే వేషంలో మళ్ళీ వచ్చిందన్నమాట. రెండు, ఉద్యోగి సొంతంగా పెట్టిన పని ఖర్చులు ఆదాయంలో 2 శాతం దాటితే ఆ దాటిన మేరకే చెల్లుతాయంది. 1988లో సంక్షేమ పథకాల కోసం తెచ్చిన ఫ్యామిలీ సపోర్ట్ చట్టంలో ఎక్కడో ఒక మూల ఇంకో నిబంధన చేరింది. పనికి సంబంధించినదై, లెక్క చెప్పి, మిగిలింది తిరిగిచ్చే ఏర్పాటు కింద యజమాని ఖర్చు ఇస్తే అది జీతం కిందికి రాదు, అందులో ఏ కోతా పడదు. రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడండి. డ్రైవరు తన చేత్తో లెక్క రాసుకుంటే అడుగడుగునా కోత, అదే లెక్క కంపెనీ రాస్తే సాఫీ దారి. ఇక మైళ్ళ వింత. కూలి లెక్కించే పద్ధతిలోనే, అంటే గంటలకో మైళ్ళకో, పర్ డియమ్ లెక్కిస్తే అది కూలికి ముసుగేమో అన్న అనుమానం పన్ను శాఖకూ వచ్చింది. అందుకని అలాంటివి మామూలుగా చెల్లవంటూనే ఒక సందు వదిలింది. 1989 డిసెంబరు 12 నాటికి ఆ కంపెనీ దాన్ని విడిగా చూపుతూ ఉన్నా, లేదా ఆ పరిశ్రమలో అది వాడుకలో ఉన్నా చెల్లుతుంది. కొత్తగా పుట్టించకూడని ఒక ఏర్పాటు, ఆ తేదీకి బతికి ఉందన్న ఒక్క కారణంతో, ఆనాటికి పుట్టని డ్రైవర్ల పేస్లిప్పుల్లో కూడా ఇవాళ కనిపించగలుగుతోంది. పాత అలవాట్లను గౌరవించడం మంచిదే. కాని ఆ అలవాటు ఎవరికి అనువైనదో ఎవరూ అడిగినట్టు లేదు.

తర్వాత జరిగిన వ్యాజ్యాలు చూస్తే ఈ లెక్క ఎవరి చేతికి వెళ్ళిందో తెలిసిపోతుంది. 1993 చట్టం భోజన మినహాయింపును 80 నుంచి 50 శాతానికి దించింది. మైలుకు ఇచ్చే పర్ డియమ్ తిండి ఖర్చేనా, తిండీ బసా కలిసిందా అన్నది తగువు. తిండిదే అయితే కంపెనీకి సగమే చెల్లుతుంది. 2002లో ఆర్కాన్సాకు చెందిన బీచ్ ట్రకింగ్ కేసులో ట్యాక్స్ కోర్టు అది తిండి ఖర్చేనంది. డ్రైవర్లను కంపెనీలకు సమకూర్చే ట్రాన్స్‌పోర్ట్ లేబర్ కాంట్రాక్ట్ అనే సంస్థ కేసులో 2006లో అప్పీలు కోర్టు, ఆ కోత భరించాల్సింది సమకూర్చిన సంస్థ కాదు, డ్రైవర్లను వాడుకున్న ట్రక్కు కంపెనీలని తేల్చింది. రెండు చోట్లా వాదించుకున్నది వ్యాపార సంస్థలూ ప్రభుత్వమూ. తిన్నవాడు ఆ గదిలో లేడు. 1997లో మాత్రం డ్రైవర్లకు కొంత దక్కింది. గంటల నిబంధనల కింద పనిచేసేవాళ్ళు దారిలో తినక తప్పదని ఒప్పుకుని, వాళ్ళ భోజనాలకు 50 శాతాన్ని మెట్టుమెట్టుగా పెంచి 2008కి మళ్ళీ 80 చేశారు. రవాణా పరిశ్రమకు రోజువారీ రేటూ వేరుగానే ఉంది. 2018 అక్టోబరులో 66 డాలర్లు, 2021లో 69, 2024 అక్టోబరు నుంచి 80. అమెరికాలో ఐటీ కన్సల్టింగ్‌లో ఉన్న తెలుగువాళ్ళలో చాలామందికి పర్ డియమ్ మాట తెలిసే ఉంటుంది. వాళ్ళకు ఒకే క్లయింటు ఊళ్ళో ఏడాది దాటితే అది తాత్కాలికం కాకుండా పోతుంది, మినహాయింపు పోతుంది. ఎక్కడా నిలవని డ్రైవరుకు ఆ బెంగ లేదు. కాని తిరిగి వెళ్ళడానికి ఒక ఇల్లు, దాని ఖర్చులు ఉండాలి. ట్రక్కే ఇల్లుగా బతికేవాడు ఇంటికి దూరంగా ఎప్పుడూ లేనట్టే లెక్క.

2017 డిసెంబరులో రెండు సంగతులు నాలుగు రోజుల తేడాతో జరిగాయి. 18న ట్రక్కుల్లో ఎలక్ట్రానిక్ లాగింగ్ పరికరాలు తప్పనిసరి అయ్యాయి. ఏ రాత్రి ఏ ఊళ్ళో ఆగాడో ఇక వేలెత్తి చూపలేనంత ఖచ్చితంగా నమోదవుతుంది. 1962 నుంచి ప్రభుత్వం అడుగుతున్న రుజువు ఎట్టకేలకు దొరికింది. 22న ట్రంప్ సంతకం చేసిన పన్ను చట్టం జీతం మీద పనిచేసే ఉద్యోగులకు ఆ రుజువుతో దక్కాల్సిన మినహాయింపునే ఎత్తేసింది. సొంత ట్రక్కుతో నడిపే ఓనర్-ఆపరేటరుకు అది అలాగే ఉంది, 2024 నాటి రేటు 80లో 80 శాతం, రోజుకు 64 డాలర్లు. పక్క బేలోనే నిలిపి ఉన్న కంపెనీ ట్రక్కు డ్రైవరుకు సున్నా. దీనికి ఎప్పుడూ చెప్పే సమాధానం ఒకటుంది. మినహాయింపు తీసేసినా స్టాండర్డ్ డిడక్షన్‌ను దాదాపు రెట్టింపు చేశారు, రేట్లు తగ్గించారు, డ్రైవరుకు పోయిందేమీ లేదు అని. లెక్క కట్టి చూద్దాం. పెళ్ళికాని డ్రైవరు, 50,000 డాలర్ల జీతం, 250 రాత్రులు రోడ్డు మీద. 2017లో రోజుకు 63 చొప్పున 15,750, అందులో 80 శాతం 12,600, జీతంలో 2 శాతం కింద 1,000 పోగా 11,600. దానికి సొంత మినహాయింపు 4,050 కలిపితే పన్ను సుమారు 4,686 డాలర్లు వస్తుంది. 2018లో 12,000 స్టాండర్డ్ డిడక్షన్‌తో, కొత్త రేట్లతో 4,370. నిజమే, తగ్గింది. అదే జీతంతో గోడౌన్‌లో పనిచేసి రోజూ ఇంట్లో పడుకునే మనిషిని చూడండి. 2017లో కట్టింది 5,639, 2018లో 4,370. అతనికి మిగిలింది 1,269, డ్రైవరుకు 316. అంతకుముందు ఇద్దరి మధ్యా 953 డాలర్ల తేడా ఉండేది, 250 రాత్రులకు చట్టం కట్టిన విలువ అది. అది చెరిగిపోయింది. ఇంటి అప్పు వడ్డీ, రాష్ట్ర పన్ను కలిపి ఇంకో 6,000 చూపుకోగలిగిన డ్రైవరుకైతే పన్ను 3,786 నుంచి 4,370కి పెరిగింది కూడా. పోయిందేమీ లేదన్నవాళ్ళు డ్రైవరును అతని నిన్నటితోనే పోల్చారు, పక్కవాడితో పోల్చలేదు.

సొంతంగా లెక్క చెప్పుకునే దారి మూసుకుపోయాక మిగిలింది కంపెనీ ఇచ్చేది. మన దేశంలోనూ ఇంతే. పాత పన్ను విధానంలో రవాణా సంస్థ ఉద్యోగికి ఇచ్చే ఇలాంటి భత్యంలో 70 శాతం, నెలకు ఒక పరిమితి మించకుండా, మినహాయింపు. ఇచ్చేవాడు ఇస్తేనే ఉంటుంది. అమెరికాలో కంపెనీ పర్ డియమ్‌ను సమర్థించేవాళ్ళ మాటను తేలిగ్గా తీసుకోకూడదు. ఇష్టమైతేనే తీసుకోమంటాం, చేతికి ఎక్కువ డబ్బు వస్తుంది, మేమిచ్చేదాంట్లో 20 శాతం మాకు ఖర్చు కింద చెల్లను కూడా చెల్లదు అంటారు. ఇదీ లెక్క కట్టదగ్గదే. మైలుకు 60 సెంట్లు, ఏడాదికి 1,25,000 మైళ్ళు, 75,000 డాలర్లు. డ్రైవరు పెళ్ళైనవాడు, భార్యకు సంపాదన లేదు, 12 శాతం పన్ను మెట్టులో ఉన్నాడు. అందులో మైలుకు 12 సెంట్లు, అంటే 15,000, పర్ డియమ్‌గా మారితే ఆదాయపు పన్నులో 1,800, సోషల్ సెక్యూరిటీ మెడికేర్ కోతల్లో సుమారు 1,147 మిగులుతాయి. మొత్తం 2,947. కంపెనీకీ అవే కోతల్లో తన వంతు 1,147 మిగులుతుంది. ఇంతవరకూ ఇద్దరికీ మేలే. కాని కొన్ని కంపెనీలు పర్ డియమ్ ఎంచుకున్న డ్రైవరుకు మైలుకు ఒకటి రెండు సెంట్లు తక్కువ కడతాయి. 60 బదులు 58 అయితే ఏడాదికి 2,500 పోతాయి. జీతం తగ్గడంతో ఇంకొంచెం పెరిగిన పన్ను ఆదా కలుపుకున్నా డ్రైవరుకు మిగిలేది 939. కంపెనీకి, చెల్లని 20 శాతం మీద పడే 21 శాతం పన్నూ తక్కిన పన్నులూ అన్నీ తీసేసినా 2,400 పైచిలుకు. తిండి డ్రైవరుది, లాభంలో పెద్ద వాటా కంపెనీది. జీతంలో ముక్కకు పేరు మార్చి ఖర్చు అని పిలిస్తే కుదరదని పన్ను శాఖ 2012లో హెచ్చరించింది. ఆ గీత దాటకుండా ఉండేలా కంపెనీలు తమ పథకాల్ని జాగ్రత్తగానే రాసుకుంటాయి.

ఈ 939 డాలర్లకు కూడా ఒక వెల ఉంది, అది ఇరవై ఏళ్ళ తర్వాత కట్టాలి. సోషల్ సెక్యూరిటీ పింఛను, కోత పడిన జీతం ఎక్కువగా ఉన్న 35 ఏళ్ళ సగటు మీద లెక్కిస్తారు. పర్ డియమ్ ఆ లెక్కలో ఉండదు. పై డ్రైవరు జీతం కాయితం మీద 17,500 తగ్గి 57,500 అయింది. ఇలా ఇరవై ఏళ్ళు సాగితే నెలసరి సగటు 833 డాలర్లు పడిపోతుంది. అతని ఆదాయ స్థాయిలో ఆ సగటులో ప్రతి డాలరుకూ 32 సెంట్ల పింఛను, అంటే నెలకు దాదాపు 267, ఏడాదికి 3,200. ఇరవై ఏళ్ళలో కూడబెట్టిన 18,780 డాలర్లు ఆరేళ్ళ లోపే హరించుకుపోతాయి. మిగిలింది మదుపు పెట్టుకోవచ్చుగా అంటారు. మైలుకు రెండు సెంట్లు కోయకుండా ఇచ్చి ఉంటే ఆ మాటకు బలం ఉండేది. అప్పుడు ఆదా 58,900 దాకా, పింఛను నష్టం ఏడాదికి 2,740. వడ్డీ లెక్కలోకి తీసుకోకపోయినా ఇరవై ఏళ్ళ పైన పడుతుంది సరిపోవడానికి, న్యాయమైన బేరమే. కాబట్టి పర్ డియమ్‌ను మోసమని తోసిపారేయలేం. కోత లేని పర్ డియమ్‌కూ కోత ఉన్న పర్ డియమ్‌కూ మధ్య ఇంత తేడా ఉందని పేస్లిప్పు చూసి కనిపెట్టడం మాత్రం మామూలు మనిషి వల్ల కాదు. ఇక రెండు సంగతులకు మదుపు కూడా జవాబు కాదు. లోడు కడుతూ నడుం విరిగినవాడికి వచ్చే పరిహారం సాధారణంగా వేతనం మీద లెక్కిస్తారు, తిండి ఖర్చును వేతనంగా చూడని చోట ఆ పరిహారం చిన్నదవుతుంది. ఇల్లు కొనుక్కోవడానికి బ్యాంకుకు వెళ్ళినా ఆదాయ పత్రంలో కనిపించేది 57,500.

2017 నాటి ఎత్తివేత 2025 వరకే అని చట్టంలో రాసి ఉండేది. 2025 జులై 4న వచ్చిన చట్టం దాన్ని శాశ్వతం చేసింది. అదే చట్టం ఓవర్‌టైమ్ కూలిలో అదనంగా వచ్చే భాగానికి ఏడాదికి 12,500 డాలర్ల వరకు కొత్త మినహాయింపు ఇచ్చింది. అయితే అది 1938 కార్మిక చట్టం కింద తప్పనిసరిగా ఇవ్వాల్సిన ఓవర్‌టైమ్‌కే వర్తిస్తుంది. రాష్ట్రాల మధ్య తిరిగే ట్రక్కు డ్రైవర్లలో అత్యధికులను ఆ చట్టం 1938లోనే పక్కన పెట్టింది.